క్యాంపస్‌కు తాళం పడ్డ మర్నాడు పాఠం ఎలా? విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, విద్యా మండళ్ల సభ్యులకు నమస్కారం.

మీ కార్యాలయాల్లో విపత్తు ప్రణాళిక అనే ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. మంటలు లేస్తే ఏ మెట్ల మీదుగా దిగాలి, ఎక్కడ నిలబడాలి, హాస్టళ్లు ఎవరు ఖాళీ చేయించాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. ఉండాల్సిందే, ప్రాణాల తర్వాతే ఏదైనా. కానీ అందరూ క్షేమంగా ఇళ్లకు చేరి గేటుకు తాళం పడ్డాక, మర్నాడు తొమ్మిది గంటల క్లాసు సంగతేమిటని ఆ ఫైలును అడిగితే దాదాపు ఎక్కడ చూసినా ఒకటే వాక్యం దొరుకుతుంది: బోధన ఆన్‌లైన్‌లో కొనసాగించాలి. ఎవరు కొనసాగించాలి, సిలబస్‌లో ఎంత, ఏ విద్యార్థికి ఏ దారిలో, ఏ నిబంధన కింద అన్నది ఉండదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొన్న రసీదు మాత్రం పక్కనే ఉంటుంది.

క్లాసులు చెప్పేవారిలో ఒకరిగా నేను మీ ముందుంచేది ఒకటే. అత్యవసర పరిస్థితిలో చదువు ఆగిపోవడానికి అసలు కారణం సాధనాలు లేకపోవడం కన్నా నిర్ణయాలు లేకపోవడం. ఆ నిర్ణయాలు తీరిగ్గా ఉన్నప్పుడు, వాదించుకోవడానికి టైం ఉన్నప్పుడు తీసుకోవాలి. నీళ్లు గుమ్మం దాకా వచ్చాక అటెండెన్స్ నిబంధన మీద చర్చ పెట్టలేం.

"2020లో చేసి చూపించాం కదా" అంటారని తెలుసు. నిజమే. ఆ ఏడాది కోవిడ్ మూసివేతలు ఉధృతంగా ఉన్నప్పుడు 190కి పైగా దేశాల్లో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు బడికో కాలేజీకో దూరమయ్యారని యునెస్కో లెక్క. చాలా విశ్వవిద్యాలయాలు కొద్ది రోజుల్లోనే వీడియో క్లాసులకు మారాయి, అది చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ విపత్తు తీరు వేరు. భవనాలకు ఏమీ కాలేదు. కరెంటు పోలేదు, నెట్ పోలేదు, సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి. ప్రపంచమంతా ఒకేసారి ఆగింది కాబట్టి మన ఒక్కరి క్యాలెండరే వెనకబడిందన్న భయం కూడా లేకపోయింది. వచ్చే మూసివేత కూడా అలాగే ఉంటుందనుకోవడం పోయినేడాది ప్రశ్నపత్రం ఒక్కటి బట్టీపట్టి పరీక్షకు వెళ్లడం లాంటిది.

వేరే రకం మూసివేతలు ఎలా ఉంటాయో చూడండి. 2005 ఆగస్టు 27న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న తులేన్ విశ్వవిద్యాలయానికి కొత్త విద్యార్థులు సామాన్లతో వచ్చారు. వచ్చిన రోజే వెళ్లిపొమ్మని చెప్పాల్సి వచ్చింది, కత్రినా తుపాను దగ్గరకొస్తోంది. 29న అది తీరం దాటింది, వరదకట్టలు తెగి నగరం మునిగింది. ఆ సెమిస్టర్ మొత్తం క్యాంపస్ మూతబడే ఉంది, మళ్లీ తెరిచింది 2006 జనవరిలో. ఈలోగా అక్కడి విద్యార్థులను ఇతర ఊళ్లలోని వందలాది కాలేజీలు తాత్కాలికంగా చేర్చుకున్నాయి. స్లోన్ కన్సార్టియం అనే సంస్థ చొరవతో పలు విశ్వవిద్యాలయాలు నిరాశ్రయులైన విద్యార్థుల కోసం ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడిపాయి. చదువు సాగింది, కానీ సాగించింది పక్కవాళ్లు. మీ క్యాంపస్ నాలుగు నెలలు లేకుండాపోతే మీ విద్యార్థిని ఎవరు చేర్చుకుంటారు? అక్కడ పాసైన కోర్సుకు మీరు క్రెడిట్లు ఇస్తారా? ఈ రెండు ప్రశ్నలకు ఈ రోజు మీ దగ్గర కాగితం మీద జవాబుందా?

కరెంటు పోయే మూసివేతలు ఇంకో తరహా. 2019 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో పొడి గాలులకు విద్యుత్ తీగల నుంచి మంటలు పుడతాయన్న భయంతో కరెంటు కంపెనీయే ముందు జాగ్రత్తగా సరఫరా ఆపేసింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రెండు రోజులు క్లాసులు రద్దు చేసుకుంది. ప్రపంచంలో సాంకేతికతకు కొదవలేని ప్రాంతాల్లో అదొకటి. కరెంటే లేనప్పుడు ఆన్‌లైన్ అన్న మాటకు అర్థం లేదు.

భూకంపాలైతే నెట్ ఉన్నా గోడలుండవు. 1994 జనవరి 17న అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం అక్కడి కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయం క్యాంపస్‌ను ఛిన్నాభిన్నం చేసింది. నాలుగు వారాలకు గదుల్లాంటి ట్రెయిలర్లు తెచ్చి నిలబెట్టి క్లాసులు మొదలుపెట్టారు. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 185 మందిని బలిగొన్న భూకంపం వచ్చినప్పుడు ఆ ఊళ్లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో సెమిస్టర్ అప్పుడే మొదలైంది. భవనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి తెరిచేలోగా టెంట్లు వేసి పాఠాలు చెప్పారు. ఈ రెండు చోట్లా చేసిన పనిలో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. ఎక్కడ కూర్చోబెట్టాలి, ముందు ఎవరిని పిలవాలి అన్నది ఎవరో ధైర్యంగా తేల్చారు, అంతే.

కాబట్టి మీ ప్రణాళికలో మొదట తుపాను, భూకంపం, అంటువ్యాధి, అల్లర్లు అంటూ పేర్ల పట్టిక వద్దు. ఏది పోయింది అన్నదాన్ని బట్టి రాయండి. భవనం పోతే, కరెంటూ నెట్టూ పోతే, మనుషులు చెల్లాచెదురైతే, అధ్యాపకులే మంచం పడితే. ఎంత కాలం అన్నది కూడా ముఖ్యమే. మూడు రోజుల మూసివేతకు ఏమీ చేయనక్కర్లేదు, ఆ క్లాసులు తర్వాత సర్దుకుంటాయి. అలాంటి చిన్న అంతరాయానికి హడావిడిగా ఆన్‌లైన్ క్లాసులు పెట్టి అందరినీ టెన్షన్ పెట్టడం నా దృష్టిలో దండగ. మూడు వారాలైతే ఒక లెక్క, మొత్తం సెమిస్టరైతే అది పూర్తిగా వేరే లెక్క. ఏ గీత దాటితే ఏ ఏర్పాటు మొదలవుతుందో ముందే రాసుకోవాలి. ఆ గీత దాటామని ప్రకటించేది ఎవరో, ఆయన అందుబాటులో లేకపోతే ఇంకెవరో పదవి పేరుతో సహా ఉండాలి.

ఇక సిలబస్. అన్నిటికన్నా కష్టమైనది, అందరూ తప్పించుకునేది ఇదే. పదిహేను వారాల కోర్సును తొమ్మిది వారాల్లో చెప్పాల్సి వస్తే ఏం వదిలేస్తారు? ఈ ప్రశ్న ప్రతి కోర్సు అధ్యాపకుడినీ సెమిస్టర్ మొదలవకముందే అడగండి. జవాబు ఒక పేజీ మించకూడదు. తర్వాతి కోర్సుకు పునాదిగా తప్పనిసరిగా తెలియాల్సినవి ఏవి, విద్యార్థి సొంతంగా చదువుకోగలిగినవి ఏవి, ఈసారికి వదిలేసినా కొంప మునగనివి ఏవి. నిజం చెప్పాలంటే మూడో గుంపులోకి ఏదైనా చేర్చడానికి మాలో చాలామందికి మనసొప్పదు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం అనవసరమని ఎవరు రాసిస్తారు? అందుకే ఇది ఒక్కరికి వదలకుండా డిపార్ట్‌మెంట్ కూర్చుని తేల్చాలి. ముందు కోర్సు చెప్పేవారు, తర్వాతి కోర్సు చెప్పేవారు ఎదురెదురుగా కూర్చుంటే అరగంటలో తేలిపోతుంది. తేల్చకుండా వదిలేస్తే జరిగేదేమిటంటే, మూసివేత ముగిశాక చివరి రెండు వారాల్లో మొత్తం సిలబస్‌ను స్లైడ్ల మీద పరుగెత్తించి "అయిపోయింది" అని రిజిస్టర్‌లో రాసుకుంటాం. అది పూర్తయిన సిలబస్ కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

విద్యార్థికి పాఠం చేరే దారి గురించి మాట్లాడేముందు చిన్న లెక్క. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో క్లాసు గంటకు 450 మెగాబైట్ల డేటా తింటుంది. రోజుకు నాలుగు క్లాసులు, వారానికి ఐదు రోజులంటే 9 గిగాబైట్లు. అదే పాఠాన్ని సెకనుకు 32 కిలోబిట్ల ఆడియోగా రికార్డు చేసి పంపితే గంటకు 14.4 మెగాబైట్లు, వారం మొత్తం కలిపినా 300 మెగాబైట్లు దాటదు. దానికి నాలుగు పేజీల నోట్సు, బోర్డు మీద వేసే బొమ్మల ఫొటోలు జోడిస్తే చాలా సబ్జెక్టులకు సరిపోతుంది. పైగా సిగ్నల్ దొరికినప్పుడు దించుకుని, దొరకనప్పుడు వినొచ్చు. 2020లో దక్షిణాఫ్రికాలోని విశ్వవిద్యాలయాలు విద్యార్థులకు డేటా కొని ఇచ్చినప్పుడు కొన్ని చోట్ల అందులో ఎక్కువ భాగం రాత్రిపూట వాడుకునే డేటా. రాత్రి పన్నెండు దాటాక దించుకోగలిగే పాఠాన్ని ఉదయం పది గంటల లైవ్ వీడియోగా పెడితే ఆ డేటా ఎందుకూ పనికిరాదు.

అందుకని నేను కోరేది వరస మార్చమని. ఇప్పుడు అందరూ లైవ్ వీడియోతో మొదలుపెట్టి, అది అందనివాళ్లకు రికార్డింగు అని, అదీ అందనివాళ్లకు "ఏదో ఒకటి చూద్దాం" అని వదిలేస్తున్నారు. అందరికన్నా వెనకున్న విద్యార్థి దగ్గర మొదలుపెట్టండి. కాగితం మీద అచ్చేసిన నోట్సు, అభ్యాసాలు మొదటి మెట్టు. ఆడియో, చిన్న ఫైళ్లు రెండోది. లైవ్ వీడియో ఆఖరిది, అదీ సందేహాలు తీర్చడానికే తప్ప పాఠం చెప్పడానికి కాదు. కాగితం అంటే నవ్వొస్తుందేమో. తుపాను వచ్చే సూచన ఉన్నప్పుడు, హాస్టల్ ఖాళీ చేసే విద్యార్థి చేతిలో మూడు వారాలకు సరిపడే నోట్సు కట్ట పెట్టి పంపగలిగితే ఆ తర్వాత కరెంటు ఉన్నా పోయినా అతని చదువు అతని దగ్గరే ఉంటుంది.

ఈ పని తెలిసినవాళ్లు చాలా విశ్వవిద్యాలయాల్లో సొంత ప్రాంగణంలోనే ఉన్నారు. దూరవిద్య విభాగం. బ్రిటన్‌లో 1969లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ తొలిరోజుల నుంచీ పోస్టులో పుస్తకాలు పంపి, రేడియోలో, టీవీలో పాఠాలు చెప్పి డిగ్రీలు ఇచ్చింది. అధ్యాపకుడు ఎదురుగా లేకుండా చదువుకునేవాడికి పాఠం ఎలా రాయాలి, ఎన్ని పేజీలకొకసారి ప్రశ్న పెట్టాలి అన్న అనుభవం ఆ రంగంలో దశాబ్దాలుగా పోగుపడి ఉంది. కానీ అత్యవసర కమిటీ వేసినప్పుడు ఐటీ వాళ్లను పిలుస్తారు, సెక్యూరిటీ వాళ్లను పిలుస్తారు, దూరవిద్య డైరెక్టరుకు మాత్రం కుర్చీ ఉండదు. ఈసారి ముందుగా ఆ కుర్చీ వేయండి.

చూపు, వినికిడి సమస్యలున్న విద్యార్థుల సంగతి విడిగా చెప్పాలి. క్లాసులో పక్కన కూర్చుని సైగల భాషలో చెప్పే మనిషి, పరీక్ష రాసిపెట్టే లేఖకుడు, గట్టిగా చదివి వినిపించే స్నేహితుడు, ఇవన్నీ క్యాంపస్‌తో పాటే మూతపడతాయి. స్కాన్ చేసిన పేజీ ఫొటోను, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు చదవలేదు. వినికిడి లేనివారికి ఆడియో ఒక్కటే పంపితే వారికి ఏమీ పంపనట్టే. వీరి జాబితా, ఒక్కొక్కరికి ఏం కావాలన్నది ముందే తయారుగా లేకపోతే ఆ గందరగోళంలో ఎవరికీ గుర్తుకురారు.

అటెండెన్స్ గురించి క్లుప్తంగా. మూసివేత కాలంలో లైవ్‌లో కనబడ్డారా లేదా అన్నదాన్ని హాజరుగా లెక్కించకండి. వారానికొక చిన్న అసైన్‌మెంటు, ఏ దారిలోనైనా, ఫోన్‌లో ఫొటో తీసి పంపినా సరే, అందితే హాజరు. ఈ ఒక్క నిబంధన ముందే ఆమోదించి పెడితే సగం గొడవలు తగ్గుతాయి.

పరీక్షల దగ్గర మాత్రం ఆగి మాట్లాడుకోవాలి, విద్యార్థుల అసలు భయం ఇక్కడే. 2020 వసంతంలో అమెరికాలో ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ లాంటి సంస్థలు ఆ టర్మ్‌కు మామూలు గ్రేడ్లు పక్కనపెట్టి పాసా కాదా అన్నంతవరకే చూశాయి. బ్రిటన్‌లో అనేక విశ్వవిద్యాలయాలు మూసివేతకు ముందు విద్యార్థి తెచ్చుకున్న సగటు ఆ తర్వాతి పరీక్షల వల్ల తగ్గకుండా చూస్తామని హామీ ఇచ్చాయి. ఈ రెండింటిలో నాకు రెండోదే మెరుగ్గా తోస్తుంది. మొదటిది అందరినీ ఒకే గాటన కడుతుంది, కష్టపడ్డవాడికి చూపించుకోవడానికి ఏమీ మిగలదు. రెండోది నష్టం నుంచి కాపాడుతూనే బాగా రాస్తే పెరిగే అవకాశం ఉంచుతుంది. మీరు వేరేలా అనుకోవచ్చు, ఏదో ఒకటి ముందే తేల్చి విద్యార్థులకు చెప్పండి. మూసివేత మధ్యలో వారానికొక సర్క్యులర్, దాన్ని సవరిస్తూ ఇంకొకటి వస్తుంటే చదివేవాడు పుస్తకం మూసేసి నోటీసులు చదువుతూ కూర్చుంటాడు.

ఇంట్లో కెమెరా పెట్టి కళ్లెటు తిరుగుతున్నాయో కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో అది చదువును కొలవదు, ఇంటి వైశాల్యాన్ని కొలుస్తుంది. దాని బదులు ప్రతి అధ్యాపకుడూ సెమిస్టర్ మొదట్లోనే పుస్తకం చూసి రాయగల ప్రశ్నపత్రం ఒకటి తయారుచేసి పరీక్షల విభాగంలో దాచిపెట్టాలి. పుస్తకంలో నేరుగా జవాబు దొరకని ప్రశ్న రాయడం కష్టమే, ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. అందుకే ముందే కావాలంటున్నాను. అనుమానం వచ్చిన చోట పది నిమిషాల ఫోన్ వైవా చాలు, సొంతంగా రాశాడో లేదో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ప్రాక్టికల్స్ విషయంలో అబద్ధం ఆడకండి. సూక్ష్మదర్శిని పట్టుకోని విద్యార్థికి వీడియో చూపించి ప్రాక్టికల్ మార్కులు వేయడం అన్యాయం. ల్యాబ్ ఇచ్చిన డేటాను విశ్లేషించే పని ఇంటి దగ్గర చేయించవచ్చు, చేతి పనిని మాత్రం క్యాంపస్ తెరిచాక రెండు వారాల శిబిరంలా పెట్టి పూర్తి చేయాలి. ఆ రెండు వారాల టైం, మామూలు కన్నా ఎక్కువసేపు పనిచేసే ల్యాబ్ సిబ్బందికి అదనపు వేతనం ప్రణాళికలోనే ఉండాలి.

అధ్యాపకుల గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. తుపాను మా ఇళ్ల మీదా పడుతుంది. ప్రతి కోర్సుకూ రెండో మనిషి పేరు ఉండాలి, ఆ మనిషికి మొదటివాళ్ల నోట్సు, మార్కుల పట్టిక తెరిచే వీలుండాలి. నోట్సన్నీ ఒకరి పెన్‌డ్రైవ్‌లో, మార్కులన్నీ ఒకరి టేబుల్ సొరుగులో ఉన్న డిపార్ట్‌మెంట్లు ఇప్పటికీ ఉన్నాయి. క్లాసుకింత అని చెల్లించే గెస్ట్ లెక్చరర్లకు మూసివేత కాలంలో వేతనం వస్తుందా రాదా? రాదంటే వాళ్లు వేరే పని చూసుకుంటారు, వాళ్ల మీద ఆధారపడ్డ కోర్సు అక్కడితో ఆగుతుంది. ఇది జాలి చూపమని అడగడం కాదు, క్లాసు నడవాలంటే చెప్పేవాళ్లు నిలవాలి.

సర్వర్లు, పాస్‌వర్డ్‌లు, విద్యార్థుల ఫోన్ నంబర్ల సంగతి మీ ఐటీ విభాగానికి నాకన్నా బాగా తెలుసు. ఒక్కటి మాత్రం అడుగుతాను: విద్యార్థుల రికార్డుల నకలు వేరే ఊళ్లో ఉందా? పక్క బిల్డింగులో ఉన్న నకలు వరదలో అసలుతో పాటే మునుగుతుంది.

పాఠం ఆపే హక్కు కూడా ప్రణాళికలో రాయండి. ఇల్లు కూలినవాడికి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడికి మర్నాడే అసైన్‌మెంటు గడువు గుర్తుచేయడం క్రూరత్వం. పెద్ద విపత్తు తర్వాత మొదటి వారం పాఠాలు వద్దు. ప్రతి అధ్యాపకుడూ తన విద్యార్థుల్లో ఓ ఇరవై మందికి ఫోన్ చేసి క్షేమం కనుక్కుని, ఎవరి దగ్గర ఏముంది, ఏం లేదు అన్నది రాసుకోవాలి. రెండో వారం ఏ దారిలో పాఠం పంపాలో ఆ కాగితమే చెబుతుంది. ఒక సెమిస్టర్ మానేసి మళ్లీ వస్తానన్న విద్యార్థికి ఫీజు, సీటు, స్కాలర్‌షిప్ పోకుండా చూసే నిబంధన కూడా దీనితో పాటే ఆమోదించాలి.

చివరగా రిహార్సల్. అగ్నిప్రమాద కసరత్తు చేసినట్టే బోధనకూ ఒకటి చేయాలి. 2019 నవంబరులో అల్లర్ల కారణంగా హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం సెమిస్టర్‌ను అర్ధాంతరంగా ముగించింది, అక్కడి మరికొన్ని విశ్వవిద్యాలయాలు మిగిలిన క్లాసులను ఆన్‌లైన్‌కు మార్చాయి. మూడు నెలలు తిరక్కముందే కోవిడ్ వచ్చి మళ్లీ అదే పని చేయాల్సి వచ్చింది. రెండోసారికి కనీసం ఎక్కడ తడబడతామో తెలుసు. ఆ తెలివిడి కోసం ఒక విపత్తు ఖర్చు పెట్టనక్కర్లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే విద్యా సంవత్సరం క్యాలెండర్ అచ్చుకు వెళ్లకముందు, ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక మామూలు బుధవారాన్ని మూసివేత కసరత్తు దినంగా అందులో చేర్చండి. ఆ రోజు ఎవరూ క్యాంపస్‌కు రాకూడదు, లైవ్ వీడియో వాడకూడదు, పాఠం మాత్రం ప్రతి విద్యార్థికీ చేరాలి. ఎంతమందికి చేరలేదో, ఎందుకు చేరలేదో శుక్రవారానికల్లా డిపార్ట్‌మెంట్ల వారీగా మీ టేబుల్ మీదకు తెప్పించుకోండి. కోర్సుకొక పేజీ సిలబస్ పత్రాలు, దాచిపెట్టిన ప్రశ్నపత్రాలు, పరీక్షల హామీ మీద తీర్మానం, ఈ మూడూ విద్యా మండలి తదుపరి సమావేశం ఎజెండాలో పెట్టండి. పెట్టిన తేదీని విద్యార్థులకు బహిరంగంగా చెప్పండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు